కాన్సాస్ సిటీ ఆర్థర్ బ్రయంట్స్: బీఫ్ తినని నాన్నని తీసుకెళ్ళొచ్చా?

ఇర్వింగ్_నాని:

అందరికీ నమస్తే. వచ్చే నెల లాంగ్ వీకెండ్‌కి డాలస్ నుంచి కాన్సాస్ సిటీ డ్రైవ్ చేద్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప, ఇంకా నరసరావుపేట నుంచి వచ్చిన మా నాన్న. ఐ-35 ఎక్కితే ఎనిమిది గంటలు, మధ్యలో పాప ఆపమన్నచోటల్లా ఆపుకుంటూ పోతే పది అనుకోండి. అక్కడి శివారు ఊరు ఓవర్లాండ్ పార్క్‌లో మా బావ వాళ్ళున్నారు కాబట్టి ఉండటానికి ఇబ్బంది లేదు.

అసలు సంగతేంటంటే నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి రెండో ప్రపంచ యుద్ధం చెప్పి చెప్పి అమెరికా ప్రెసిడెంట్ ట్రూమన్ అంటే ఆయనకి పక్కింటాయన లెక్క, అందుకని ఇండిపెండెన్స్ అనే పక్క ఊళ్ళో ఉన్న ట్రూమన్ లైబ్రరీ చూడాల్సిందేనని కూర్చున్నారు. సరే అని నేను ఆ చుట్టుపక్కల ఏం తినొచ్చా అని వెతుకుతుంటే ఆర్థర్ బ్రయంట్స్ అనే బార్బెక్యూ హోటల్ కనపడింది, ట్రూమన్ తిన్నాడు కార్టర్ తిన్నాడు ఒబామా తిన్నాడు అని, అది నోరుజారి ఆయన దగ్గర అన్నాను, ఇంకేముంది, "ముగ్గురు ప్రెసిడెంట్లు తిన్న హోటల్‌లో మనం టీ అయినా తాగకపోతే ఎలారా" అంటున్నారు. అక్కడ టీ దొరకదు నాన్నా అంటే వినట్లేదు.

ఇప్పుడు నా డౌట్లు. నాన్న బీఫ్ తినరు, పంది అసలే తినరు, మేక కోడి అయితే మటుకు ముందుండి తింటారు. బార్బెక్యూ చోట ఆయన ముందు ఖాళీ ప్లేట్ పెట్టి మేం తింటుంటే బాగోదు కదా. రెండోది, మేం టెక్సాస్ బ్రిస్కెట్‌కి అలవాటుపడిపోయాం, ఉప్పు మిరియాలు తప్ప ఏం లేకుండా వేలెడు మందాన కోసిచ్చే బ్రిస్కెట్, అంటే పశువు ఛాతీ మాంసం, దాని ముందు ఇది ఆనుతుందా లేక పేరు మీద నడిచిపోతున్న టూరిస్ట్ స్పాటా? మూడోది అడగాలంటే కొంచెం మొహమాటంగా ఉంది గానీ, బావ మాత్రం "ఆ ఏరియాకి ఫ్యామిలీతో ఎందుకురా, ఇక్కడే దగ్గర్లో బోలెడున్నాయి" అన్నాడు. వెళ్ళినవాళ్ళు నిజం చెప్పండి ప్లీజ్.


పాతకాపు_కేసీ:

నాని గారూ, 2003 నుంచి ఇక్కడే ఉంటున్నా, కాబట్టి కాస్త చనువు తీసుకుని చెప్తా. మూడో డౌట్ నుంచి మొదలెడతా, ఎందుకంటే ఒళ్ళు మండేది దాని దగ్గరే. మీ బావగారిని అనట్లేదు, ఇక్కడికొచ్చిన కొత్తలో నాకూ మా ఆఫీసులో ఒకాయన ఇదే చెప్పాడు, ట్రూస్ట్ దాటి తూర్పుకి పోవద్దు అని. ట్రూస్ట్ అవెన్యూ అంటే ఈ ఊళ్ళో నల్లవాళ్ళ ఇళ్ళు ఒకవైపు తెల్లవాళ్ళ ఇళ్ళు ఒకవైపు అని గీత గీసిన రోడ్డు, ఆ గీత ఎవరో కావాలని గీసిందే. మనం మొన్నొచ్చి ఆ గీతని మనది చేసుకున్నాం, అంతే. బ్రయంట్స్ ఆ గీతకి తూర్పున ఉంది. మధ్యాహ్నం పూట వెళ్ళండి, కార్ ఆపండి, తినండి, రండి. ఏ పెద్ద ఊళ్ళో అయినా కార్లో బ్యాగ్ కనపడేలా వదలం కదా, ఇక్కడా అంతే. నేను మా అమ్మని తీసుకెళ్ళా, అత్తగారిని తీసుకెళ్ళా, పిల్లల్ని నెలల పాపలప్పుడు తీసుకెళ్ళా.

ఇక టూరిస్ట్ స్పాటా అన్నారు. మీ నాన్నగారు సోషల్ మాస్టారంటున్నారు కాబట్టి ఆయనకి చదివి వినిపించండి, ఇది ఆయన కోసమే రాస్తున్నా.

హెన్రీ పెర్రీ అని టెనెసీ నుంచి వచ్చిన నల్లజాతి మనిషి, అంతకుముందు నదుల మీద తిరిగే స్టీమ్‌బోట్ల వంటగదుల్లో పనిచేశాడు. 1908లో డౌన్‌టౌన్‌లో బట్టల ఫ్యాక్టరీలుండే గార్మెంట్ డిస్ట్రిక్ట్ సందులో ఒక బండి లాంటిది పెట్టుకుని, పొగలో కాల్చిన మాంసం న్యూస్‌పేపర్లో చుట్టి పాతిక సెంట్లకి పనివాళ్ళకి అమ్మాడు. కాన్సాస్ సిటీ బార్బెక్యూ అంటూ ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునేదానికి మొదలు అదే, ఒక సందు. ఆ తర్వాత ఆయన 18త్ అండ్ వైన్ అనే వీధుల కూడలి వైపు షాపు పెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన చార్లీ బ్రయంట్ 1940లో పెర్రీ పోయాక షాపు తీసుకున్నాడు, చార్లీ 1946లో తప్పుకుంటే తమ్ముడు ఆర్థర్ చేతికొచ్చింది. ఈ అన్నదమ్ములది టెక్సాసే లెండి, మీకు కాస్త ఊరట. పెర్రీ సాస్ కళ్ళల్లో నీళ్ళు తెప్పించేంత ఘాటట, ఆర్థర్ దాన్ని కొంచెం తగ్గించి జనం తినగలిగేలా చేశాడు. అదే 1946లో పెర్రీ దగ్గర పనిచేసిన ఇంకో వంటాయన, ఆర్థర్ పింకార్డ్, గేట్స్ కుటుంబం కొన్న షాపులో వంట చూసుకున్నాడు. ఇప్పుడు ఊరంతా ఎర్ర పైకప్పులతో కనిపించే గేట్స్ బార్బెక్యూ అదే. అంటే బ్రయంట్స్ గొప్పా గేట్స్ గొప్పా అని ఇక్కడివాళ్ళు తరాలుగా కొట్టుకు చస్తున్నారు గానీ రెండూ ఒకే గురువు శిష్యులవి. మన దగ్గర ఒకే మేస్త్రి దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఎదురెదురుగా బిర్యానీ హోటళ్ళు పెట్టినట్టు.

బ్రయంట్స్‌కి పక్కనే నాలుగు వీధుల అవతల 22వ వీధి, బ్రూక్లిన్ మూలన మునిసిపల్ స్టేడియం ఉండేది. మోనార్క్స్, అంటే నల్ల ఆటగాళ్ళని మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళ లీగ్‌లో పేరున్న బేస్‌బాల్ టీం, అక్కడే ఆడేవాళ్ళు, తర్వాత అథ్లెటిక్స్, చీఫ్స్, రాయల్స్ టీంలన్నీ అక్కడే. మ్యాచ్ చూడ్డానికొచ్చిన వాళ్ళు తెల్లోళ్ళేంటి నల్లోళ్ళేంటి ఈ కౌంటర్ ముందు ఒకే లైన్లో నిలబడేవాళ్ళు. ఆటగాళ్ళు, జాజ్ వాయించేవాళ్ళు, ఓట్లడిగేవాళ్ళు, అందరికీ దారి అదే కాబట్టి అందరూ తిన్నారు. స్టేడియం 1976లో కొట్టేశారు, షాపు మాత్రం ఉంది.

కాల్విన్ ట్రిలిన్ అని ఈ ఊళ్ళోనే పుట్టిన రచయిత, 1972లో ఒక మ్యాగజైన్‌లో ప్రపంచం మొత్తమ్మీద బెస్ట్ రెస్టారెంట్ ఇదేనని రాసిపారేశాడు, ప్యారిస్ లేదు న్యూయార్క్ లేదు. అప్పట్నుంచీ బయటి ఊళ్ళవాళ్ళు రావడం మొదలైంది. ఆర్థర్ మాత్రం తన షాపుని "గ్రీజ్ హౌస్" అనే పిలుచుకునేవాడు, అంటే జిడ్డుకొట్టు. ఇంకోడైతే బోర్డు మీద వరల్డ్ బెస్ట్ అని రాయించుకుని మెనూలో రేట్లు పెంచేవాడు. ఆయన 1982లో పోయాక షాపు వేరేవాళ్ళ చేతికెళ్ళింది, అయినా ఇటుకల పొయ్యి, హికరీ ఓక్ కట్టెలు అలాగే ఉన్నాయి.

ఒబామా వచ్చింది 2014 జులైలో, ఊరికే ఫొటో దిగి పోలేదు, తనకి ఉత్తరాలు రాసిన నలుగురు లోకల్ మనుషులతో కూర్చుని భోంచేశాడు. ఆ గోడ మీద ఫొటోలు చూడ్డానికే మీ నాన్నగారికి అరగంట పడుతుంది.


కరీంనగర్_పోరడు:

అన్న మస్తు చెప్పిండు హిస్టరీ. నేను తిండి గురించి చెప్తా, ఎందుకంటే నానన్న డాలస్ నుంచి వస్తుండు, బ్రిస్కెట్ అంటే వేలెడు మందం ముక్క అని ఫిక్స్ అయి వస్తే ఇక్కడ దెబ్బతింటడు.

బ్రయంట్స్ల బ్రిస్కెట్ మిషన్ మీద సన్నగ కోస్తరు, మస్తు సన్నగ. మీ టెక్సాస్‌ల ముక్కే రాజు, సాస్ అడిగితే అదోలా చూస్తరు. ఈడ ముక్క, సాస్, తెల్ల బ్రెడ్, మూడు కలిస్తేనే అది బార్బెక్యూ. సన్నటి ముక్కలు గుట్టలెక్క బ్రెడ్ మీద పడేస్తడు, ఎంత పెడ్తడంటే కిందున్న బ్రెడ్ కనపడది, పైన ఇంకో బ్రెడ్ పెట్టి, పక్కన పికిల్ ముక్కలు, ఇంత పెద్ద ఫ్రైస్ కుప్ప. సాండ్‌విచ్ అంటరు గని చేత్తో పట్టుకొని తిన్నోన్ని నేను ఇంతవరకు చూడలే.

సాస్ గురించి ముందే చెప్తున్న. కాన్సాస్ సిటీ సాస్ అంటే షాపులల్ల దొరికే తియ్యటి బెల్లంపాకం లాంటిది అనుకుంటరు అందరు. అది రిచ్ డేవిస్ అనే పిల్లల సైకియాట్రిస్ట్ డాక్టర్ 1970లల్ల చేసిన కేసీ మాస్టర్‌పీస్ అనే సాస్ పుణ్యం, దునియా మొత్తం అదే కాన్సాస్ సిటీ టేస్ట్ అనుకుంటది. బ్రయంట్స్ ఒరిజినల్ సాస్ దానికి ఉల్టా. వెనిగర్ పులుపు ముందు తగుల్తది, తర్వాత నాలిక మీద పొడి పొడిగ ఉంటది, పప్రికా, ఇంకేవో మసాలాలు, నున్నగ ఉండదు. ఫస్ట్ టైం తిన్నప్పుడు ఇదేంది బై సరిగ కలుపలేదా అనుకున్న. మూడోసారికి అదే కావాల్నని సీసా కొనుక్కొచ్చిన. మన నాలికకి తియ్యటి సాస్ కంటే ఇదే సెట్ అయితది, పులుపు కారం తెలిసినోళ్ళం కదా. తియ్యగ కావాలంటే వేరే రకాలు కూడ టేబుల్ మీద ఉంటయి, పాపకి అది పెట్టున్రి.

ఇగ బర్న్ట్ ఎండ్స్. దీని గురించి రాయకుంటే పాపం తగుల్తది. బ్రిస్కెట్ పన్నెండు గంటలు పైనే పొగల ఉంటది కదా, కొసలు, అంచులు నల్లగ గట్టిగ అయిపోతయి, కొవ్వు కరిగి ముక్కకి పట్టుకొని ఉంటది. పాత రోజులల్ల అవి అమ్మడానికి పనికిరావని పక్కకి తోస్తే కౌంటర్ దగ్గర లైన్ల నిలబడ్డోళ్ళు అట్ల తీసుకొని నోట్లేసుకునేటోళ్ళు, ఫ్రీగ. ట్రిలిన్ రాసింది గూడ అదే. ఆయన రాసినంక అందరు అవే అడుగుడు షురూ చేసిన్రు, ఇప్పుడు ఊరంత స్పెషల్‌గ చేసి అమ్ముతున్నరు, మెనూల అన్నిటికంటే తొందరగ అయిపోయేది అదే. అర్థం కావాలంటే గంజుల అడుగు మాడు గుర్తుతెచ్చుకోన్రి. బగారన్నం అడుగంటితే అమ్మ పారేస్తాంటే మనం గంటె పట్టుకొని గీక్కొని తింటం సూడు, గది. రేపు ఎవడన్న హోటల్ పెట్టి "అడుగు మాడు స్పెషల్" అని రెండువందలకి అమ్మినా ఆశ్చర్యం లేదు.

మా ఇంట్ల చిన్నప్పటిసంది పెద్దకూర తినేటోళ్ళమే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. నిజం చెప్పాల్నంటే నాకు బర్న్ట్ ఎండ్ ఫస్ట్ ముక్క నోట్ల పెట్టంగనే మా నాయనమ్మ దండెం మీద ఎండేసిన తునకలు యాదికొచ్చినయి. అవి ఎండల ఎండినయి, ఇవి పొగల, గని పండ్ల కింద నమిలేకొద్ది రసం ఊరేది రెండిట్ల ఒక్కటే. మనోళ్ళ ఫోరమ్‌ల బీఫ్ అనంగనే "ఎవరూ తినం కదా" అన్నట్టు మాట్లాడ్తరు, తినేటోళ్ళం మస్తుమంది ఉన్నం, అది కూడ యాదుంచుకోన్రి. నానన్నా, మీ మీద కోపం కాదిది.


శ్రావ్య_ఒలేతే:

నాని గారూ, మీ నాన్నగారి ప్లేట్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మా మామగారు కూడా అచ్చం ఇలాగే, బీఫ్ పోర్క్ రెండూ ముట్టరు, పైగా మేం తింటుంటే తల తిప్పుకోరు గానీ గరిటె మాత్రం వేరుగా ఉండాలంటారు.

బ్రయంట్స్‌లో టర్కీ ఉంటుంది, చికెన్ ఉంటుంది. టర్కీ అనగానే మన పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు, పెద్ద కోడి నాన్నా అని చెప్పి పెట్టేయండి. పొగలో కాల్చిన టర్కీ సన్నగా కోసి ఆ పుల్ల సాస్‌తో తింటే బాగుంటుంది, మా మామగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. కానీ మూడు విషయాలు చూసుకోండి. ఒకే పొయ్యిలో, ఒకే కత్తితో, ఒకే బల్ల మీద అన్నీ నడుస్తాయి, అంత పట్టింపు ఉంటే ముందే చెప్పి ఆయన్ని అడగండి, అక్కడికెళ్ళాక తెలిస్తే బాధపడతారు. ఫ్రైస్ పందికొవ్వులో వేయించడం అక్కడి పాత పద్ధతి, ఆ రుచి దానిదే అంటారు, కాబట్టి నాన్నగారికి ఫ్రైస్ పెట్టేముందు కౌంటర్లో కనుక్కోండి. బార్బెక్యూ చోట్ల బీన్స్ చూడ్డానికి మన రాజ్మాలా అమాయకంగా ఉంటాయి గానీ లోపల మాంసం ముక్కలు వేస్తారు, అదీ అడగాలి. కోల్‌స్లా, బ్రెడ్, పికిల్స్‌తో గొడవ లేదు.

ఇంకో మాట, ఇది చాలామంది మనవాళ్ళకి తెలీదు. చికెన్ అయినా టర్కీ అయినా కోస్తే అంచున గులాబీ రంగు కనపడుతుంది, వెంటనే మనం "ఉడకలేదు, వెనక్కి పంపించేయ్" అంటాం. నేనూ అన్నాను ఒకసారి, వేరే ఊళ్ళో వేరే చోట, సిగ్గు పోయింది. అది పచ్చి కాదు. కట్టెలు కాలినప్పుడు వచ్చే వాయువు మాంసంలో ఎర్ర రంగునిచ్చే పదార్థంతో కలిసి ఆ రంగుని అలాగే పట్టి ఉంచుతుంది. దాన్నే స్మోక్ రింగ్ అంటారు, ఇక్కడివాళ్ళకి అది గొప్ప. మన దగ్గర బార్బెక్యూ అంటే నిప్పుల మీద సీకులు తిప్పడం కదా, అది గ్రిల్లింగ్, పది నిమిషాల పని. ఇక్కడ నిప్పు దూరంగా ఉంటుంది, మాంసానికి తగిలేది పొగా సెగా మాత్రమే, రాత్రంతా. గట్టి ముక్కలో కండని పట్టి ఉంచే తాళ్ళలాంటి పొరలు ఆ నెమ్మది సెగకి కరిగి జిగురవుతాయి, అందుకే చవక ముక్క అయిన బ్రిస్కెట్ ఇంత మెత్తగా వస్తుంది. ఈ ఊళ్ళో ఒకప్పుడు షికాగో తర్వాత అంత పెద్ద పశువుల సంత ఉండేది, మంచి ముక్కలు రైలెక్కి తూర్పుకి పోయేవి, ఎవరూ కొనని ముక్కలు ఇక్కడ మిగిలేవి. నాకైతే మిగిలినవాటిని ఇంత రుచిగా మార్చుకోవడమే ఈ వంటలో గొప్ప అనిపిస్తుంది.

నాన్నగారు మేక ప్రియులంటున్నారు కాబట్టి చివరగా ఒక రహస్యం. ఇంకో పూట ఖాళీ ఉంటే జాక్ స్టాక్ అనే ఇంకో బార్బెక్యూ హోటల్‌కి తీసుకెళ్ళండి, అక్కడ గొర్రె రిబ్స్ ఉంటాయి. ఖరీదు ఎక్కువే, టేబుల్ ముందే బుక్ చేసుకోవాలి, కానీ మటన్ తినే తెలుగు నాన్న ఎవరూ ఆ ప్లేట్ చూసి కాదనలేదు ఇంతవరకూ. మా మామగారు ఎముక మిగలనివ్వలేదు.


నిజంమాట్లాడేవాడు:

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేనొక్కణ్ణి ఎదురుమాట అంటా, తిట్టుకోకండి. ఉత్తి రుచే కావాలంటే నేనైతే 47త్ అండ్ మిషన్ మూలన పెట్రోల్ బంక్‌లో ఉండే జోస్ బార్బెక్యూకే వెళ్తా. 1996లో మొదలైంది, 2014 దాకా ఓక్లహోమా జోస్ అనేవాళ్ళు. జీ-మాన్ (Z-Man) సాండ్‌విచ్ తినండి, బ్రిస్కెట్ మీద చీజ్, దాని మీద ఉల్లిపాయ రింగులు. ఓవర్లాండ్ పార్క్ నుంచి దగ్గర కూడా. లైన్ తలుపు దాటి బయటికొస్తుంది గానీ కదులుతూనే ఉంటుంది.

బ్రయంట్స్‌కి వెళ్ళేది చరిత్ర కోసం. చరిత్ర మీద నాకు గౌరవం ఉంది, కానీ ట్రిలిన్ 1972లో రాసినదాన్ని ఇవాళ మనం నెత్తిన పెట్టుకుని తిరగాలా? ఆయన సొంత ఊరి మీద ప్రేమతో రాశాడు. మా తాతగారు మా ఊరి బస్టాండ్ పక్క ఇడ్లీ గురించి అదే మాట అనేవాళ్ళు, ప్రపంచంలో ఇలాంటి ఇడ్లీ లేదని. ఆయన విజయవాడ దాటి వెళ్ళింది రెండుసార్లు.


పాతకాపు_కేసీ:

@నిజంమాట్లాడేవాడు మీ తాతగారి మాటలో తప్పేముంది సార్, ట్రిలిన్ చెప్పిందీ అదే. ఎవరికైనా తన ఊళ్ళో చిన్నప్పుడు తిన్నదే ప్రపంచంలో బెస్ట్, ఆ మాట సగం నవ్వుతూ సగం నిజంగా రాశాడాయన. జోస్ బావుంటుంది, నేను కాదన్నానా, మా పిల్లలకి అదే ఇష్టం. కానీ నాని గారు ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకొచ్చి ట్రూమన్ లైబ్రరీ చూసే మనిషిని తీసుకొస్తున్నారు. ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే ప్రశ్న, సాండ్‌విచ్‌ల పోటీ కాదు.

నాని గారూ, ఒక్క టిప్. ఉదయం లైబ్రరీ, అక్కడి నుంచి 18త్ అండ్ వైన్‌లో నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం, అదే బిల్డింగ్‌లో జాజ్ మ్యూజియం కూడా. పన్నెండింటి రష్ పోయాక రెండు గంటలప్పుడు బ్రయంట్స్. మూడూ కలిపి చూస్తే ఆ షాపు అక్కడే ఎందుకుందో మీరేం చెప్పక్కర్లేకుండా ఆయనకే తెలుస్తుంది. కౌంటర్ దగ్గర లైన్ కదిలేటప్పుడు ఫోన్ చూస్తూ నిలబడకండి, మీ వంతొచ్చేసరికి ఏం కావాలో నోట్లో రెడీగా ఉండాలి. అక్కడివాళ్ళకి మొహమాటం ఉండదు, మర్యాద ఉంటుంది, రెండూ వేరు.


ఇర్వింగ్_నాని:

వెళ్ళొచ్చాం. అప్‌డేట్ ఇస్తానని ఎవరికీ మాటివ్వలేదు గానీ ఇంతమంది ఇంత రాశాక చెప్పకపోతే బాగోదు.

బావ కూడా వచ్చాడు మాతో. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ అతను అటువైపు రావడం అదే మొదటిసారట. కార్ పార్క్ చేసి రెండుసార్లు లాక్ నొక్కాడు, తర్వాత చర్చి నుంచి వచ్చిన ముసలావిడలు టోపీలు పెట్టుకుని మా ముందు లైన్లో నిలబడి మా పాప జడ బావుందని పలకరిస్తుంటే తనే సిగ్గుపడి నవ్వాడు. నేనేం అనలేదు, ఇంటికెళ్ళాక అక్కతో తనే చెప్పాడు.

కౌంటర్ దగ్గర ఒకాయన చేతికి గ్లవ్స్, ముందు తెల్ల బ్రెడ్ పరిచి, బ్రిస్కెట్ గుప్పెడు తీశాడు, పెట్టాడు, సరిపోలేదనుకున్నాడేమో ఇంకో గుప్పెడు పెట్టాడు, తూకం లేదు కొలత లేదు. నాన్న నా చెవిలో "పెళ్ళి బంతిలో మన వెంకాయమ్మ పిన్ని వడ్డన" అన్నారు. ఆయనకి టర్కీ తీసుకున్నాం, శ్రావ్య గారూ థాంక్స్, పెద్ద కోడి అనే చెప్పాను, పనిచేసింది. ఒకే కత్తి సంగతి కూడా ముందే చెప్పాను, "ప్రయాణంలో అన్నీ చూసుకుంటే ఎలా" అని ఆయనే తేల్చేశారు. ఫ్రైస్ మాత్రం అడగలేదు, ఆయన వైపు పెట్టనేలేదు.

సాస్ దగ్గర మాత్రం మాస్టారు మాస్టారే. కొంచెం వేలి మీద వేసుకుని బొటనవేలితో నలిపి చూశారు, గుంటూరు యార్డులో మిరపకాయ నలిపి చూసినట్టు. "రంగే గానీ ఘాటు లేదురా, పొడి ఎక్కువ, పులుపు బావుంది" అన్నారు. ఆ తర్వాత టర్కీ మీద సగం సీసా వంచేశారు, మా ఆవిడ చూసి నవ్వాపుకోలేకపోయింది.

నాకు మొదటి ముద్దకి డాలస్ గుర్తొచ్చింది, నిజమే చెప్తున్నా, సన్నటి ముక్క చూసి నిరాశపడ్డాను. కరీంనగర్ తమ్ముడు చెప్పినట్టు మూడూ కలిపి తిన్నాక అర్థమైంది. బర్న్ట్ ఎండ్స్ బావకి నాకు మధ్య చివరి ముక్క దగ్గర ఫోర్కులు తగులుకున్నాయి. అడుగు మాడు అన్న మాట మనసులో పడిపోయింది కాబట్టి ఇంకోలా తినలేకపోయాను, గీకి గీకి తిన్నాను. రుచి ఒక్కటే తూస్తే నాకింకా టెక్సాస్ ముక్కే మీద, ఈ విషయంలో రాజీ లేదు. కానీ మళ్ళీ ఈ ఊరొస్తే మళ్ళీ అక్కడికే వెళ్తా, ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను.

నాన్న తిన్నాక గోడల మీద ఫొటోలన్నీ చేతులు వెనక్కి పెట్టుకుని ఎగ్జామ్ హాల్లో ఇన్విజిలేటర్‌లా ఒక్కొక్కటీ చూసుకుంటూ తిరిగారు. తిరిగొచ్చి అడిగింది మాత్రం ఒబామా గురించి కాదు. "ఆ పెర్రీ అనే ఆయన బండి పెట్టిన సందు ఎక్కడుందిరా, దూరమా?" అన్నారు. పాప నిద్రకొచ్చింది, ట్రాఫిక్ ఉంది, రేపు చూద్దాం నాన్నా అన్నాను, మర్నాడు వాన.

జాక్ స్టాక్‌లో టేబుల్ దొరకలేదు. గొర్రె రిబ్స్ బాకీ ఉండిపోయింది.

ఒక చిన్న డౌట్. నాన్న మూడు సీసాల సాస్ కొన్నారు, ఊళ్ళో స్టాఫ్ రూం ఫ్రెండ్స్‌కి రుచి చూపించాలట. గాజు సీసాలు చెక్-ఇన్ బ్యాగ్‌లో పగలకుండా ఎలా సర్దాలి?


కరీంనగర్_పోరడు:

ఒక్కో సీసాకి ఒక్కో లుంగీ చుట్టి, మూత మీద టేప్ ఏసి, జిప్ లాక్ కవర్ల పెట్టి బట్టల నడిమిట్ల పెట్టున్రి. మా అమ్మ ఆవకాయ అట్లనే తెచ్చింది, చుక్క కారలే.


శ్రావ్య_ఒలేతే:

చేతి సంచిలో మాత్రం పెట్టకండి నాని గారూ, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, అప్పుడు నాన్నగారిని ఆపడం మీ వల్ల కాదు.